అద్దె వంటింట్లో గ్యాస్‌కు జవాబుదారీ ఎవరు?

టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లను ఓనర్లు అడిగే ప్రశ్నలు మనందరికీ కంఠతా వచ్చు. ఎంతమంది ఉంటారు, ఉద్యోగం ఎక్కడ, బండి ఉందా, నాన్‌వెజ్ వండుతారా. అద్దెకు దిగేవాళ్ల ప్రశ్నలూ తెలిసినవే. మంచినీళ్లు రోజూ వస్తాయా, బోరు ఉందా, మెయింటెనెన్స్ ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది. రెండు వైపులా ఇన్ని ప్రశ్నలున్నా గ్యాస్ ఊసు రాదు. మహా అయితే "బండ ఎక్కడ పెట్టుకోవాలండీ?" అని ఇల్లాలు అడుగుతుంది. గట్టు కింద అర చూపిస్తారు. అక్కడితో ఆ మాట అయిపోతుంది.

ఆ వంటింట్లో ఏ వస్తువు ఎవరిదో లెక్క వేసుకుంటే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. సిలిండరు, రెగ్యులేటరు చమురు కంపెనీవి. మనం డిపాజిట్ కట్టి వాడుకుంటున్నామంతే. స్టవ్వూ రబ్బరు పైపూ అద్దెకున్నవాళ్లవి. గట్టు, దాని కింద అర, కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం వదిలిన కన్నం, కరెంటు స్విచ్చులు ఇంటి యజమానివి. ప్రమాదం జరిగిందంటే సాధారణంగా ఈ మూడూ కలిసిన చోటే జరుగుతుంది. పైపు పాతది, అర తలుపు మూసి ఉంది, స్విచ్చు వేశారు. నిబంధనలు మాత్రం ఎవరి వస్తువుకు వాళ్లకి విడివిడిగా ఉన్నాయి. మొత్తం వంటింటికి జవాబు చెప్పాల్సింది ఎవరో ఏ కాగితం మీదా లేదు. ఈ ఖాళీని పూడ్చకుండా ఎన్ని జాగ్రత్తలు ప్రచారం చేసినా అద్దె ఇళ్లకు అవి సగమే అందుతాయని నా అభిప్రాయం.

ముందు ఉన్న నిబంధనలు చూద్దాం. వంటగ్యాస్ సరఫరాను మన దేశంలో నడిపేది 2000లో నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చిన ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు. ఇంటి గ్యాస్‌ను వేరే పనులకు వాడటం, ఒక సిలిండరులోంచి మరో దాంట్లోకి నింపుకోవడం దాని ప్రకారం నేరం. ఆ ఉత్తర్వు చూపంతా కంపెనీ, డీలరు, వినియోగదారు మీదే. ఇల్లు ఎవరిదన్న సంగతితో దానికి పని లేదు. పరికరాలకు భారతీయ ప్రమాణాలున్నాయి. స్టవ్‌కు ఐఎస్ 4246, రబ్బరు పైపుకు ఐఎస్ 9573. పైపు పొడవు మీటరున్నర మించకూడదు. నడుమ అతుకు ఉండకూడదు. గోడలోంచో కిటికీలోంచో దూర్చి లాగకూడదు. ఐదేళ్లకోసారి మార్చి తీరాలి. సిలిండరు నిలువుగానే ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. సిలిండరు పై రింగును మోసే పట్టీల్లో ఒకదాని లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి ఆ తర్వాతి మూడేసి నెలలు. సి 27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపు ఆ సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాలని. గడువు దాటిన బండ గుమ్మంలోకి వస్తే వద్దని వెనక్కి పంపే హక్కు మనకుంది. తూకం వేసి, లీకు చూసి ఇవ్వమని డెలివరీకి వచ్చినతన్ని అడిగే హక్కు కూడా ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

వీటికి తోడు ఐదేళ్లకోసారి ఏజెన్సీ మెకానిక్ ఇంటికి వచ్చి స్టవ్, పైపు, రెగ్యులేటరు తనిఖీ చేయాలన్న నియమం ఉంది. ఈమధ్య చమురు కంపెనీలు ఉచితంగా ప్రాథమిక భద్రతా తనిఖీల కార్యక్రమం చేపట్టి దేశమంతటా 12 కోట్లకు పైగా తనిఖీలు చేశాయి, తగ్గించిన ధరకు కోట్ల సంఖ్యలో పైపులు మార్చాయి. ఇది మెచ్చుకోవలసిన పని. కానీ తనిఖీ వెళ్లేది కనెక్షన్‌లో నమోదైన చిరునామాకు. అద్దెకున్నవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో ఇల్లు మారతారు. పుస్తకంలో కూకట్‌పల్లి ఉంటుంది, మనుషులు మియాపూర్‌లో ఉంటారు, బండ మాత్రం కొన్నాళ్లు ఫోన్ మీదా పరిచయాల మీదా నడుస్తుంది. ఐదేళ్ల తనిఖీ అనేది సొంత ఇంట్లో స్థిరపడిన కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాసుకున్న నియమం.

చిరునామా మార్చుకోకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమనడం అన్యాయం. అదే ఏజెన్సీ పరిధిలో మారితే చిరునామా రుజువు చాలు. ఊరే మారితే పాత చోట సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, టర్మినేషన్ వోచర్ తీసుకుని, డిపాజిట్ వెనక్కి తెచ్చుకోవాలి. కొత్త ఊళ్లో మళ్లీ కట్టాలి. వెనక్కి వచ్చేది ఏనాడో కట్టిన పాత మొత్తం. కొత్తగా కట్టేది నేటి రేటు. 2022 జూన్‌లో 14.2 కిలోల సిలిండరు డిపాజిట్ 1,450 నుంచి 2,200 రూపాయలకు పెరిగింది. చిన్న జీతగాళ్లకు ఈ తేడా తక్కువేం కాదు. ఇక చిరునామా రుజువంటే అద్దె ఒప్పందం కావాలి. పన్నుల భయంతోనో, రేపు ఖాళీ చేయరన్న భయంతోనో కాగితం రాసివ్వని ఓనర్లు మన ఊళ్లలో ఎంతోమంది. నోటి మాట మీద ఇల్లు ఇస్తారు, నోటి మాట మీదే ఖాళీ చేయిస్తారు.

ఆ కాగితం లేకపోతే పోయేదేమిటో రెండు పక్షాలకూ తెలియాలి. ప్రతి గ్యాస్ వినియోగదారుకూ చమురు కంపెనీలు తీసుకున్న బీమా వర్తిస్తుంది, అందుకు మనం విడిగా ఏమీ కట్టనక్కర్లేదు. ప్రమాదంలో ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు. వైద్యానికి ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల వరకు, అందులో ఒక్కొక్కరికి 2 లక్షలు మించకుండా. ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షలు. ఈ చివరి దానికి ఒక షరతు ఉంది: నష్టం జరిగింది కనెక్షన్‌లో నమోదైన చిరునామాలో అయి ఉండాలి. పేలుడుకు కూలేది ఓనర్ గోడే కదా. అద్దె ఒప్పందం రాసివ్వని యజమాని తన ఇంటికి రాగల పరిహారాన్ని తన చేతులతోనే దూరం చేసుకుంటున్నాడు. ఈ ఒక్క సంగతి ఓనర్లకు విడమర్చి చెబితే చాలామంది కాగితం రాసిస్తారని నమ్ముతున్నాను. ఏజెన్సీ గోడల మీద బీమా బోర్డు ఉంటుంది కానీ ఈ షరతు అందరి కళ్లా పడేలా రాయరు.

ఇప్పుడు అసలు వంటిల్లు. వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలికన్నా బరువు, సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. లీకైతే పైకి లేవదు. నేల మీద పరుచుకుని, గడప దాటి, పక్క గదిలోకి పాకుతుంది. గాలిలో రెండు శాతం దాకా కలిస్తే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. మన అద్దె పోర్షన్లలో గాలి పోవడానికి వదిలే దారి ఎక్కడుంటుంది? గోడకు పైన, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర. పొగకు అది సరైన చోటే. కిందికి దిగే గ్యాస్‌కు దానివల్ల ప్రయోజనం లేదు. పైగా వాసన వచ్చిందని కంగారుగా ఆ ఫ్యాన్ స్విచ్చే వేస్తారు. ఆ స్విచ్చులోని రవ్వ చాలు. నేల మట్టానికి దగ్గరగా, బయటికి తెరిచి ఉండే జాలీ ఒకటి ఉండాలి. వంటిల్లు కట్టేటప్పుడు అయితే దానికి అయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. కట్టాక గోడ తొలిచే అధికారం అద్దెకున్నవాళ్లకు లేదు.

ఇళ్లు అందంగా తయారవుతున్న కొద్దీ ఈ విషయం మరింత చెడింది. వెనకటి గట్టు కింద తలుపుల్లేని అర ఉండేది. ఇప్పుడు అద్దె బాగా వస్తుందని మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నారు. బండ ఒక మూసిన పెట్టెలో కూర్చుంటుంది. లీకైన గ్యాస్ అక్కడే నిండుతుంది, తలుపు తీసేదాకా వాసన బయటికి రాదు. ఇంకొందరు ఓనర్లు బండను వాష్ ఏరియాలో పెట్టి, గోడకో గ్రానైట్ పలకకో రంధ్రం చేసి పైపు లోపలికి లాగమంటారు. రాతి అంచుకు రబ్బరు రాచుకుని ఎక్కడ చీలిందో కంటికి కనపడదు. నియమం గోడలోంచి పైపు వద్దన్నది ఇందుకే. బండ బయట ఉండాలనుకుంటే ఏజెన్సీ ద్వారా లోహపు గొట్టం వేయించాలి, ఆ పని ఇంటి యజమానిది. స్టవ్‌కు ఎదురుగా కిటికీ పెట్టడం మరో పొరపాటు. గాలికి మంట ఆరుతుంది, గ్యాస్ వస్తూనే ఉంటుంది. పాలు పొంగినా అంతే. మంట ఆరగానే గ్యాస్‌ను తనంతట తానే ఆపే ఏర్పాటు ఉన్న స్టవ్‌లు ఉన్నాయి కానీ మన ఇళ్లలో ఎక్కువ వాటికి అది లేదు.

ఈ ప్రశ్నను మనకన్నా ముందు గట్టిగా ఎదుర్కొన్న దేశం బ్రిటన్. అక్కడి కథలో ఒక స్టవ్ ఉంది. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లోని న్యూహామ్‌లో, రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తు ఇంట్లో ఒక మహిళ టీ కోసం అగ్గిపుల్ల గీసింది. పేలుడుకు గోడ పలక బయటికి ఊడిపోయింది. దానితో పైనున్న అంతస్తులు, ఆ బరువుకు కిందివి, భవనం ఒక మూల మొత్తం వరుసగా కూలింది. నలుగురు చనిపోయారు. అగ్గిపుల్ల గీసిన మనిషి బతికింది. అది స్థానిక కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ల భవనం, అందరూ చేరి అప్పటికి రెండు మూడు నెలలే. స్టవ్‌ను గ్యాస్ గొట్టానికి కలిపే ఇత్తడి నట్టు నాసిరకంది, అది చిట్లి గ్యాస్ లీకైందని విచారణలో తేలింది. భవన నిర్మాణ నిబంధనలు ఆ తర్వాత ఎలా మారాయో ఇంజనీరింగ్ విద్యార్థులకు నేటికీ పాఠం చెబుతారు. 1972లో బ్రిటన్‌లో గ్యాస్ భద్రతా నిబంధనలు కూడా వచ్చాయి.

ఇప్పుడు అక్కడ అమలులో ఉన్నవి 1998 నిబంధనలు. వాటిలో 36వ నియమం మనం చదవదగ్గది. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని తాను ఇచ్చిన గ్యాస్ పరికరాలను, గొట్టాలను ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. తనిఖీ చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజనీర్లే అయి ఉండాలి. ఆ రికార్డు ప్రతిని ఉంటున్నవాళ్లకు 28 రోజుల్లోగా, కొత్తగా వచ్చేవాళ్లకు చేరకముందే ఇవ్వాలి. చదువుకని వెళ్లి బర్మింగ్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకునే మన పిల్లలు తాళం చెవులతో పాటు ఆ కాగితం అడిగి తీసుకోవాలి. అది వాళ్ల హక్కు. బ్రిటన్ చట్టంలోనూ లొసుగులు లేకపోలేదు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి అద్దె ఇళ్లలో బాయిలర్ వంటివి ఉన్న గదికి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేశారు కానీ వంట స్టవ్‌కు మినహాయింపు ఇచ్చారు. చలికి కిటికీలన్నీ బిగించుకునే ఇళ్లలో ఆ మినహాయింపు నాకు సరైనదిగా తోచదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021 నుంచి అద్దె ఇళ్లకు రెండేళ్లకోసారి గ్యాస్ తనిఖీ తప్పనిసరి చేసింది. న్యూయార్క్ నగరంలో ఆరేళ్లలోపు పిల్లలున్న అద్దె కుటుంబాలకు స్టవ్ నాబ్‌ల మీద తొడుగులు యజమానే ఇవ్వాలి. చిన్న వస్తువే, కానీ చట్టం పసిపిల్ల చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో ఆలోచించి రాసిన నియమం అది.

ఈ పద్ధతిని మనకు యథాతథంగా తెచ్చుకుంటే సరిపోదు. అక్కడ గొట్టం ఇంటిది, స్టవ్ చాలాసార్లు ఇంటిదే. అద్దెకున్నవాళ్లు తమ సొంత స్టవ్ తెచ్చుకుంటే దాని తనిఖీ బాధ్యత యజమానిది కాదని ఆ చట్టమే చెబుతుంది. మన దగ్గర స్టవ్, పైపు, బండ అన్నీ మనిషితో పాటు ఆటోలో ఎక్కి వస్తాయి. కాబట్టి మనకు కావలసిన తనిఖీ మనుషులు మారిన ప్రతిసారీ జరిగేది, ఇంటినీ సామాన్లనూ కలిపి చూసేది.

మన అద్దె చట్టాలు ఇందులో ఏమంటున్నాయి? తెలంగాణలో 1960 నాటి భవనాల లీజు, అద్దె నియంత్రణ చట్టం ఉంది. ఇండేన్ తొలి కనెక్షన్ కోల్‌కతాలో ఇచ్చింది 1965లో. కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్ కాలపు చట్టంలో గ్యాస్ గురించి వెతకడం వృథా. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన మాదిరి అద్దె చట్టం అయినా ఈ లోటు తీర్చి ఉండాల్సింది. దాని రెండో షెడ్యూలు మరమ్మతుల బాధ్యతలను పంచుతుంది. గోడలు, సున్నాలు, నీటి గొట్టాలు, కరెంటు వైరింగ్ యజమానికి. కుళాయి వాషర్లు, గీజర్, స్విచ్చులు, తలుపు గడియలు, దోమల జాలీలు అద్దెకున్నవాళ్లకు. వంటింటి అమరికల మరమ్మతు కూడా వాళ్లకే. దోమల జాలీ దాకా గుర్తుంచుకుని రాసిన ఆ జాబితాలో గ్యాస్ అన్న మాట లేదు. వంటింటి అమరికలు అద్దెకున్నవాళ్ల పని అన్నారు కనుక గాలి ఆడని అర కూడా వాళ్ల నెత్తినే పడుతుందని రేపు ఎవరైనా వాదించవచ్చు.

ఇక్కడ ఒక భయాన్ని పక్కన పెట్టలేం. తనిఖీ పేరుతో ఓనర్‌కు వంటింట్లోకి వచ్చే హక్కు ఇస్తే ఏమవుతుంది? మన ఊళ్లలో వంటిల్లంటే గ్యాస్ ఒక్కటే కాదు. ఏం వండుతున్నారు, ఏ కులం, ఎవరు వచ్చి తిని వెళ్తున్నారు అన్నవన్నీ అక్కడే బయటపడతాయి. మాంసం వాసన వచ్చిందని ఖాళీ చేయించిన ఇళ్లు తెలియని పాఠకులు తక్కువ. అందుకే తనిఖీ ఓనర్ చేతుల్లో ఉండకూడదని గట్టిగా అంటాను. ఏజెన్సీ మెకానిక్ రావాలి, చూడాలి, కాగితం రాసి ఇద్దరికీ చెరొకటి ఇవ్వాలి. ఖర్చు ఓనర్ పెట్టుకోవాలి. ఆ కాగితంలో గాలి దారి, అర, పైపు, రెగ్యులేటరు, స్టవ్ తప్ప మరో విషయం ఉండకూడదు.

ఈ మొత్తం చర్చకు బయట ఉండిపోయేవాళ్లున్నారు. ఒకే గదిలో ఐదుగురు ఉండే కూలీలు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, పీజీ హాస్టళ్లలో దొంగచాటుగా వండుకునేవాళ్లు. వీళ్ల పేరున కనెక్షన్ ఉండదు. వీధి దుకాణంలో చిన్న సిలిండరు కొంటారు, పెద్ద బండలోంచి అందులోకి గ్యాస్ ఎక్కించి ఇస్తారు. చట్టరీత్యా నేరమైన ఆ నింపుడు జనం మధ్యే, ఇరుకు గదుల్లో జరుగుతోంది. నిజానికి వీళ్లకు చట్టబద్ధమైన దారి ఉంది. చమురు కంపెనీల 5 కిలోల సిలిండరును చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. ఇండియన్ ఆయిల్ దానికి ఛోటూ అని పేరు కూడా పెట్టింది. వలస కుటుంబాలకు ఉజ్వల రెండో విడతలో చిరునామాకు స్వీయ ప్రకటన చాలని 2021లోనే వెసులుబాటు ఇచ్చారు. అయినా దొంగ నింపుడు ఆగలేదు. వంద రూపాయలకు కొంచెం గ్యాస్ పోయించుకునే వీలు అక్కడుంది, ఇక్కడ నిండు సిలిండరుకు ఒకేసారి కట్టాలి. రోజు కూలి మీద బతికేవాళ్లకు ఆ తేడా పెద్దది. దాడులు చేసి సిలిండర్లు పట్టుకుంటే సరిపోదు, చట్టబద్ధమైన చిన్న బండ ధర వాళ్ల చేతికందేలా చూడాలి.

పైపు గ్యాస్ వస్తే ఇవన్నీ పోతాయనుకునేవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో, విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ కొన్ని కాలనీలకు సరఫరా చేస్తోంది. ఆ గ్యాస్ ముఖ్యంగా మీథేన్, గాలికన్నా తేలిక. లీకైతే పైకి పోతుంది కనుక వెంటిలేటర్ పైన ఉండాలి. అద్దె ఇళ్లకు ఇందులో మేలు కనిపిస్తుంది. గొట్టం, మీటరు, వాల్వు ఇంటికే అతుక్కుని ఉంటాయి, మనుషులు మారినా అవి మారవు. తనిఖీకి వచ్చే మనిషి సరిగ్గా అదే గుమ్మానికి వస్తాడు. కొత్త చిక్కూ ఉంది. బండ గ్యాస్, పైపు గ్యాస్ వచ్చే ఒత్తిడి వేరు, స్టవ్ జెట్లు వేరు. బండ స్టవ్‌ను తెచ్చి పైపు గ్యాస్‌కు సొంతంగా తగిలించడం ప్రమాదం, కంపెనీ మనిషి జెట్లు మార్చాలి. పైపు గ్యాస్ ఇంట్లోంచి బండ ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ మార్పించాలి. అద్దె ఇళ్లలో అటూ ఇటూ తిరిగే స్టవ్‌లకు ఇది ఇకముందు పెరిగే సమస్య.

వాసన వచ్చినప్పుడు చేయాల్సింది అందరికీ తెలుసనుకుంటాం కానీ తెలియదు. ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు. నాబ్‌లు, రెగ్యులేటరు కట్టేయాలి. బండ మూతికి దారంతో కట్టి వచ్చే ప్లాస్టిక్ క్యాప్ బిగించాలి. ఆ క్యాప్‌ను చాలామంది మొదటి రోజే తెంపి పారేస్తారు. తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి, అక్కడి నుంచి 1906కు ఫోన్ చేయాలి. రాత్రీ పగలూ పనిచేసే నంబరు అది.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. పదకొండు నెలల అద్దె ఒప్పందాలు స్టాంపు కాగితాల దుకాణాల్లో అచ్చు వేసిన ఒకే నమూనాలో నడుస్తున్నాయి. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె కోత, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నీ అందులో ఉన్నాయి. దానికి నాలుగు వాక్యాలు కలిపితే చాలు. వంటింట్లో నేలకు దగ్గరగా గాలి దారి ఉందని, లేకపోతే చేరే తేదీలోపు పెట్టిస్తానని యజమాని రాయాలి. చేరిన నెలలోపు కనెక్షన్ చిరునామా మార్పించుకుంటామని, అందుకు ఈ ఒప్పందం ప్రతిని యజమాని ఇస్తాడని అద్దెకున్నవాళ్లు రాయాలి. చేరేటప్పుడు ఏజెన్సీ మెకానిక్ తనిఖీ చేసిన కాగితం ఒప్పందానికి జతపరచాలి, తనిఖీ రుసుము యజమానిది, పైపు ఖర్చు అద్దెకున్నవాళ్లది. గోడకు రంధ్రం చేయడం, అరకు తలుపులు బిగించడం వంటి మార్పులు ఎవరు చేసినా రెండోవాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు ఉండాలి. రెసిడెంట్స్ అసోసియేషన్లు, అపార్ట్‌మెంట్ కమిటీలు తలుచుకుంటే తమ భవనంలో వచ్చే నెల కుదిరే ఒప్పందం నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.